తాళం వేసిన ఇళ్ల లెక్క

మా ఆవిడ చనిపోయి ఈ రోజుకు రెండు వారాలు. మంగళవారం సాయంత్రం నాలుగు దాటాక, కూకట్‌పల్లిలో మా ఇంటికి దగ్గరలో ఉన్న ఆసుపత్రిలో పోయింది. గుండెపోటు అన్నారు. వయసు యాభై ఆరు.

ఆ రోజు మామూలుగానే మొదలైంది. ఐదింటికి లేచింది. పాలు కాచింది. నాకు రెండు పెసరట్లు పోసింది, తను తినలేదు. వీపు బరువుగా ఉందంది. గ్యాస్ అయి ఉంటుందన్నాను. కాస్త వాము నోట్లో వేసుకుంది. తొమ్మిదింటికి భోజనాల బల్ల దగ్గర కూర్చుని, రూళ్ల నోటుబుక్కు తెరిచి, మర్నాటికి పేర్లు రాసుకుంది. నేను ఎదురుగా కూర్చుని పేపరు చదువుతున్నాను.

"రేపు ఐదున్నరకు బండి తీస్తరా?" అని అడిగింది.

నేను తల ఎత్తలేదు. "రేపు బంద్ అంటున్నారుగా" అన్నాను.

"బంద్ బస్సులకు. మన స్కూటర్‌కేంది?"

పేజీ తిప్పాను. ఆమె ఇంకోసారి అడగలేదు.

పదకొండింటికి వంటింట్లో చెంబు పడిన చప్పుడైంది. వెళ్లేసరికి గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. "ఏం గాలే. జర నీళ్లియ్యండి" అంది. పక్క ఫ్లాటు వాళ్ల కారులో తీసుకెళ్లాం. దారిలో నా చెయ్యి పట్టుకుంది. నాలుగూ పదికి డాక్టరు బయటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆమె చేసిన పని ఏమిటో ఇక్కడ రాయాలి. చాలామందికి తెలియదు. మా బంధువుల్లో సగం మందికి ఆమె నర్సు. కాదు. పిల్లలకు టీకాలు వేసే కార్యక్రమం దేశమంతా నడుస్తుంది. అది ఎంతవరకు సరిగ్గా నడుస్తోందో ఇళ్లకు తిరిగి చూసి చెప్పేవాళ్లు వేరే ఉంటారు. ఆమె పని అది. సర్వే సంస్థ ఒకటి కొన్ని బస్తీల పేర్లు ఇచ్చి పంపేది. ఒక్కో బస్తీలో ఏడుగురు పిల్లలు. ఏడాది నిండి, రెండేళ్లు నిండనివాళ్లు. అన్ని టీకాలూ పడ్డాయా, ఏవి పడలేదు, ఎందుకు పడలేదు, అన్నీ రాసుకోవాలి.

బోరబండలోనో కొండాపూర్‌లోనో ఉండేవాళ్లు మీలో ఉంటే మీ తలుపు కూడా ఆమె తట్టి ఉండవచ్చు. నేత చీర, మోచేతికి తగిలించిన నల్ల గొడుగు. "కార్డు జర చూపియ్యమ్మా" అని అడుగుతుంది. కార్డు దొరకకపోతే బిడ్డ ఎడమ భుజం చూస్తుంది. పుట్టగానే వేసే టీకాకు అక్కడ చిన్న మచ్చ పడుతుంది. చూసే ముందు తన చెయ్యి చీర కొంగుకు రుద్దుకుని వెచ్చబరుచుకునేది. చల్లని చెయ్యి తగిలితే పిల్లలు ఏడుస్తారని.

ఒకసారి బోరబండకు ఆమెతో వెళ్లాను. పని ఎలా మొదలుపెడుతుందో అప్పుడు చూశాను. బస్తీ మధ్యలో నాలుగు గల్లీలు కలిసేచోట నిలబడింది. నేల మీద పెన్ను పెట్టి గిర్రున తిప్పింది. పెన్ను ఏ గల్లీ వైపు ఆగితే ఆ గల్లీ. ఆ గల్లీలో ఎన్నో ఇంటి నుంచి మొదలుపెట్టాలో తేల్చడానికి ఒక కరెన్సీ నోటు కావాలి. నోటు మీది నంబరులో చివరి రెండంకెలే ఇంటి లెక్క. నా జేబులోంచి పది నోటు తీసి ఇవ్వబోయాను. తీసుకోలేదు. అక్కడ నిలబడ్డ ఆటో అతన్ని అడిగింది.

"నీ దగ్గర పది నోటుంటె జర చూపియ్యి తమ్మీ."

అతను అనుమానంగా చూశాడు. "ఏందమ్మా, తీస్కొని ఉరుకుతవా ఏంది?"

"నీ పది రూపాయలతోని ఎంత దూరం ఉరుకుత? బోరబండ స్టేషన్ దాక గూడ పోలేను."

అతను నవ్వి నోటు ఇచ్చాడు. నంబరు చూసి, రాసుకుని, తిరిగి ఇచ్చేసింది. నా నోటుకు ఏం తక్కువ అని తర్వాత అడిగాను.

"మీరు నా మనిషి. మనదైతే మంచిగున్న ఇండ్లు తగిలే నోటు ఏరుకున్ననంటరు. ఎవ్వరో అననక్కర్లే, నాకే అనిపిస్తది. మెట్లు లేని ఇల్లు, కుక్క లేని ఇల్లు, మంచినీళ్లిచ్చే ఇల్లు. మనసు అటే గుంజుతది."

మాది తెనాలి దగ్గర. ఆమెది సిద్దిపేట దగ్గర. హైదరాబాదులో ఒకే కాలేజీలో చదివాం. పెళ్లికి రెండువైపుల వాళ్లూ రాలేదు, తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. నేను విద్యుత్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. మాకు పిల్లలు లేరు. సర్వేలో తల్లులు "నీకెంతమందమ్మా?" అని అడిగితే "రాసుకున్నోళ్లంత నా పిల్లలే" అనేదట. ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పేది. నేనూ నవ్వేవాణ్ని.

మా కాలనీలో మావైపు వాళ్లే ఎక్కువ. ఆమె నన్ను "ఏందండీ" అని పిలిస్తే పక్క ఫ్లాటు ఆవిడ ముసిముసిగా నవ్వేది. "సగం మీది, సగం మాది" అని మా ఆవిడే ఆవిడకు చెప్పేది. తెలంగాణ ఉద్యమం ముదిరాక ఆ నవ్వు తగ్గింది. మెట్ల మీద ఎదురైనవాళ్లు "మీ ఇంట్లో ఎలా ఉందండీ పరిస్థితి?" అని గొంతు తగ్గించి అడిగేవారు. ఆమె రాష్ట్రం రావాలనేది. నేను ఏమీ అనేవాణ్ని కాదు. పేపరు చదివి మడిచి ఆమె వైపు తోసేవాణ్ని. అంతకు మించి మా మధ్య గొడవ జరగలేదు.

పని గురించి మాత్రం అడగకపోయినా చెప్పేది. ఒక రోజు అన్నం తింటుంటే, జిల్లాలో నూటికి ఎనభై మందికి టీకాలు పడ్డాయంటే మంచిదే కదా అన్నాను. ఆమె నా పళ్లెం వైపు చూపించింది.

"గిన్నెల పప్పుకు ఉప్పు సరిపోయిందే. కని కలపకపోతే? ఒకరికి ఉప్పుముద్ద, ఒకరికి చప్పిడిముద్ద. గా ఇరవై మంది ఊరంత చెదిరి ఉంటే ఫికర్ లేదు. చుట్టూ ఉన్నోళ్లు కాపాడుతరు. ఇరవై మంది ఒక్క తావునే ఉంటే? రోగం ఆడికే పోతది."

ఇంకో మాట కూడా తరచు అనేది. టీకా పడ్డవాళ్లను లెక్కపెట్టడం తేలిక పని, పడనివాళ్లను వెతకడమే పని అని. ఇంత తెలిసిన మనిషే ఒకసారి పొరపాటు చేసింది. దాన్ని దాచిపెట్టి ఆమె గురించి రాస్తే ఆమెకు నచ్చదు.

గచ్చిబౌలి దాటాక అద్దాల భవనాల వెనక ఒక లేబర్ క్యాంపు ఉంది. పాలమూరు నుంచి వచ్చి అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు అందులో ఉంటారు. రేకుల గదులు, ఆరు వరుసలు. ఒక సర్వేలో అది ఆమె వంతుకు వచ్చింది. పెన్ను తిప్పింది. నాలుగో వరుస వైపు ఆగింది. నోటు నంబరు ప్రకారం వెళ్తే తలుపుకు తాళం. పక్కదీ తాళం. ఆ వరుసే కాదు, క్యాంపు మొత్తం తాళాలే. పొద్దున పదకొండు గంటలు, తల్లులంతా ఇసుక మోయడానికి వెళ్లారు. పిల్లలను కూడా తీసుకుపోయారు.

తాళం ఉంటే మళ్లీ రావాలి. మూడుసార్లు వచ్చినా మనిషి దొరక్కపోతేనే దగ్గరలో ఉన్న మరో తలుపుకు వెళ్లవచ్చు. అది నియమం. పని తొందరలో ఉన్నవాళ్లు మొదటిసారికే పక్క తలుపుకు వెళ్లి, మూడుసార్లు వచ్చినట్టు రాసుకుంటారు. అందరూ చేసేదే. ఆమె ఎన్నడూ చేయలేదు. ఆ రోజు చేసింది.

మర్నాడు బంద్. కూకట్‌పల్లి రోడ్డు మీద వంటా వార్పు ఉంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని నిరసన చెప్పాలి. వంకాయ కూర తను చేస్తానని మాట ఇచ్చింది. ఫారాలు ఆ సాయంత్రానికే ఆఫీసులో ఇవ్వాలి. ఆ రేకుల వరుస చివర గోడ, ఆ గోడ అవతల ఒక అపార్ట్‌మెంటు. కొలిస్తే అదే దగ్గరి తలుపు. అక్కడ రెండు గంటల్లో ఏడుగురు పిల్లలూ దొరికారు. ఏడు కార్డులూ ప్లాస్టిక్ ఫైళ్లలో పెట్టి ఉన్నాయి. ఒక్క టీకా కూడా తప్పలేదు. ఫారాలు నింపి, ఇచ్చి, చీకటి పడకముందే ఇంటికి వచ్చింది.

మర్నాడు నేనూ రోడ్డు మీదికి వెళ్లాను. నిలబడే ఆమె చేతి వంకాయ కూరతో అన్నం తిన్నాను. చాలా బాగుంది. ఆ రోజు ఆమె ముఖంలో ఉన్న సంతోషం నాకిప్పటికీ గుర్తుంది.

నాలుగు నెలల తర్వాత వేరే పని మీద అటు వెళ్లింది. నాలుగో వరుసలో మూడు తలుపులకు ఎండిన వేపమండలు కట్టి ఉన్నాయి. తట్టు వచ్చిన ఇంటికి కడతారు. ఒక ఇంట్లో పద్దెనిమిది నెలల ఆడపిల్ల పోయింది. తట్టు టీకా పడలేదు. ఏ టీకా పడలేదు. ఆ తల్లి తలుపు దగ్గర కూర్చుని ఉందట. మా ఆవిడ గొడుగు చూసి గుర్తుపట్టింది. అంతకు ముందు ఆ తల్లి మా ఆవిడను ఎన్నడూ చూడలేదు. ఎవరో చెప్పగా విన్నది.

"అక్కా, గా దినం గొడుగు పట్టుకోని ఒకామె అచ్చిందని వాచ్‌మన్ చెప్పిండు. నువ్వేనా?"

"నేనే."

"తాళమున్నదని పోయినవంట. మల్ల ఎందుకు రాలే?"

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండా కూర్చుంది. అంతా చెప్పింది. ఓదార్చాలని అనుకున్నాను. "నువ్వు సూది వేసేదానివి కావుగా, లెక్క రాసేదానివే కదా" అన్నాను.

"లెక్కల లేని పిల్లకు సూది ఎవరు తెస్తరండీ?" అంది.

నేను లేచి ఆమెకు మంచినీళ్లు తెచ్చాను.

తను రాసిన ఆ ఏడుగురినీ కొట్టివేయమని సంస్థకు ఉత్తరం రాసింది. మూడుసార్లు వెళ్లినట్టు రాసింది అబద్ధమని కూడా రాసింది. ఆఫీసులో పెద్దాయన కూర్చోబెట్టి టీ ఇచ్చాడట. "ఫారాలన్నీ సక్రమంగానే ఉన్నాయమ్మా. రిపోర్టు పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు కదిలిస్తే ఎన్ని కదులుతాయో మీకు తెలుసు కదా" అన్నాడట. ఆమె టీ తాగకుండా వచ్చేసింది. ఉద్యమాన్ని మాత్రం ఒక్క మాట అననివ్వలేదు. ఒకసారి నేను బంద్ వల్లే కదా అని నోరు జారాను. "బంద్ ఏం జేసింది? తొందరపడ్డది నేను" అంది.

ఆ వారం నుంచే మొదలుపెట్టింది. క్యాంపులో ఆడవాళ్లు నాలుగున్నరకు లేచి వండుకుంటారు. ఏడింటికి లారీ వచ్చి తీసుకుపోతుంది. కాబట్టి ఆరింటికి అక్కడ ఉండాలి. అది సంస్థ పని కాదు, ఆమె సొంత పని. గదిగదికీ వెళ్లి పిల్లల పేర్లు రాసేది. కార్డు చూస్తే టిక్కు. తల్లి నోటిమాట అయితే సున్నా. తాళం ఉంటే చిన్న త్రికోణం. ఎన్నిసార్లు తాళం చూస్తే అన్ని త్రికోణాలు. ఆ పేర్ల పట్టీ పట్టుకుని ఆరోగ్య కేంద్రం నర్సమ్మ చుట్టూ తిరిగింది. పని వేళ తప్పించి పొద్దునే వచ్చి టీకాలు వేయమని అడిగింది. నర్సమ్మ మొదట కుదరదంది. మా ఆవిడ నాలుగు వారాలు వరుసగా వెళ్లి ఆ గది ముందు కూర్చుంది. ఐదో వారం నర్సమ్మ ఐస్ డబ్బా పట్టుకుని క్యాంపుకు వచ్చింది. అప్పటి నుంచి బుధవారం తెల్లవారగానే అక్కడ టీకాలు.

బంద్ ఉన్నా లేకున్నా నేను స్కూటరు మీద తీసుకెళ్లేవాణ్ని. ఏడాదిన్నర. హైటెక్ సిటీ రైల్వే వంతెన కింద నీళ్లు నిలిస్తే ఆమె చీర పైకి పట్టుకుని కాళ్లు ఎత్తి కూర్చునేది. క్యాంపు గేటు దగ్గర దించి నేను టీ బండి దగ్గర ఆగేవాణ్ని. ఆ టీ బండి అతనికి మా సంగతి తెలుసు.

"సార్, మేడం మావోళ్లు, మీరు ఆంధ్రా. ఇంట్ల బంద్ గిట్ల ఉంటదా?"

"కాఫీ బంద్ రెండుసార్లు అయిందండి."

"మరి మీరేం జేసిర్రు?"

"చర్చలకు పిలిచాను."

అతను పడిపడి నవ్వాడు. ఆమె తిరిగి వచ్చాక ఆమెకూ చెప్పాడు. "చర్చలు ఏడైనయ్? నేనే పాపమని పెట్టిచ్చిన" అంది.

ఒకసారి, నిరుడు వానాకాలంలో, లోపలికి రమ్మంది. "పట్టీ మీరు పట్టుకోండి. గొడుగు, పెన్ను, పిల్ల, మూడింటిని నేనెట్ల పట్టుకోవాలె?" అంది. నా మాట విని వాళ్లు ఇబ్బంది పడతారేమో అన్నాను. నిజం అది కాదు. ఆ తల్లి ఎదురుపడుతుందని భయం. ఆమె గొడుగు నాకు ఇచ్చేసి, తడుస్తూ లోపలికి వెళ్లింది. గొడుగు వేసుకుని నేను టీ తాగాను.

పదకొండో రోజున మా ఇంటికి చాలామంది వచ్చారు. రెండువైపుల బంధువులు, కాలనీవాళ్లు. మధ్యాహ్నం మా ఫ్లాట్ల వాచ్‌మన్ పైకి వచ్చి, కింద ఎవరో ఆడవాళ్లు ముగ్గురు ఉన్నారు, రమ్మంటే రావడం లేదు అన్నాడు. నేను దిగి వెళ్లాను. ముగ్గురూ గోడ పక్కన నిలబడి ఉన్నారు. ఒకామె సిమెంటు పట్టిన చేతులు కొంగులో దాచుకుంది. సగం రోజు పని పోగొట్టుకుని వచ్చారని తర్వాత తెలిసింది.

"నేను నాలుగో లైను సార్" అంది. ఎవరో నాకు అర్థమైంది.

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నేను ఒక్కసారి అడిగిన, మల్ల ఎందుకు రాలే అని. అడిగినంక అక్క ప్రతి వారం అచ్చింది. నేనే ఒకపారి అన్న, చాలు తియ్యక్కా, కాళ్లు గుంజుతలేవా అని. నవ్వింది గంతే."

ఆమె వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "ఇంగ రారా సార్ ఎవ్వరూ?" అని అడిగింది.

ఆ మాట పట్టుకుని మూడు రోజులుగా ఇంట్లో తిరుగుతున్నాను. పోయిన బుధవారం నర్సమ్మ క్యాంపుకు వెళ్లి, ఎవరికి వేయాలో తెలియక, కనపడ్డ ఇద్దరికి వేసి వచ్చేసిందట. ఈ రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"సార్, ఎట్ల అడగాల్నో తెలుస్తలేదు. మేడం నోటుబుక్కు ఉన్నదా?"

"ఉందండి."

"నాకు పంపిస్తరా? కని నాకు ఆమె గుర్తులు అర్థం గావు సార్. ఇంటి నంబర్లు గూడ లేవు ఆడ."

నిజమే. రేకుల గదులకు నంబర్లు లేవు. ఆమె తన పద్ధతిలో రాసుకుంది. నీలం డ్రమ్ము. పగిలిన అద్దం. తులసి డబ్బా. కుంటి కోడి. ఆ గుర్తులు నాకు వచ్చు. రాత్రి అన్నాలయ్యాక పైకి చదివి, ఒకే పిల్ల రెండుసార్లు పడిందేమో చూడమనేది. నేను సగం వింటూ ఊ కొట్టేవాణ్ని. సగం విన్నదే ఇంత గుర్తుంటుందని అనుకోలేదు.

సాయంత్రం బల్ల దగ్గర ఆమె కుర్చీలో కూర్చుని చివరి పేజీ తెరిచాను. ఆ మంగళవారం పొద్దున రాసినది. ఐదుగురు పిల్లలు మిగిలారు. నలుగురికి ఒక్కొక్క త్రికోణం. నీలం డ్రమ్ము ఇంటి బాబుకు రెండు. వాడికి తొమ్మిది నెలలు నిండాయి, తట్టు టీకా పడాలి. పేజీ కింద, గీతకు అవతల, "రేపు 5.30, ఆయన్ని అడగాలి" అని రాసి ఉంది. అడిగాక టిక్కు పెట్టుకోలేదు.

నర్సమ్మకు ఫోన్ చేసి పట్టీ నేనే తెస్తానని చెప్పాను. టీ బండి అతనితో కబురు పెడితే, ఇళ్లు చూపించడానికి నాలుగో వరుస ఆమె గేటు దగ్గర ఉంటానంది. రాష్ట్రం ఇంకా రాలేదు. రేపు మళ్లీ బంద్ అంటున్నారు. స్కూటర్‌లో పెట్రోలు ఉంది, చూశాను. గొడుగు, నోటుబుక్కు, ఆమె పెన్ను సంచిలో పెట్టాను.

రేపు ఉదయం ఐదున్నరకు బండి తీస్తాను. ఈసారి గేటు దగ్గర ఆగను. నీలం డ్రమ్ము ఇంటి ముందు నిలబడి, లోపల మనిషి ఉంటే, చెయ్యి చొక్కాకు రుద్దుకుని వెచ్చబరుచుకుని, కార్డు చూపించమ్మా అని అడుగుతాను. తాళం ఉంటే మూడో త్రికోణం వేసి, వచ్చే వారం మళ్లీ వెళ్తాను.